వినుకొండ మెకానిక్కు

మా ఇంట్లో ఎవర్నడిగినా ఒకటే కథ చెబుతారు. మా ఆయన పాత మోటారుసైకిలును వినుకొండలో ఎవడో మెకానిక్కు పాడుచేశాడట. ఇంజనుకి గాలి వెళ్లే దారిలో దూది కుక్కాడట. దాంతో బండి నడిరోడ్డు మీద ఆగి, నాకు రావలసిన ఉద్యోగం పోయిందట. అప్పట్నుంచీ మా ఆయన దాన్ని పరాయివాడి చేతికివ్వకుండా, స్పానర్లు కొనుక్కుని, అన్నీ సొంతంగా చేసుకుంటూ పువ్వులా చూసుకుంటున్నారట. మా ఆడపడుచు ఇదే చెబుతుంది. తోడికోడలు ఇదే చెబుతుంది. మొన్న పక్కింటావిడ ఏకంగా నాకే చెప్పింది. "మీవారికి వినుకొండలో ఎంత అన్యాయం జరిగిందండీ!" అని బుగ్గ నొక్కుకుంది కూడా.

వినుకొండలో మెకానిక్కులుంటారు, కాదనను. కానీ మా బండి ఏనాడూ వినుకొండ మొహం చూడలేదు. ఆ వైపు మాకు చుట్టాల్లేరు, పొలాల్లేవు, పనుల్లేవు. పెళ్లయ్యాక ఆయన నన్ను దూరం తీసుకెళ్లిందంటే కొత్తపట్నం సముద్రానికే, అదీ బస్సులో. లేని మెకానిక్కుని ఇంతమంది ఇన్నేళ్లుగా తిడుతుంటే వినీ వినీ నా చెవులు తూట్లు పడ్డాయి. జరిగిందేమిటో నాకు తెలుసు. నేను అక్కడే ఉన్నాను. నట్లున్న పళ్లెం పట్టుకుని నిలబడ్డది నేనే.

అప్పట్లో మా ఆయన చిలకలూరిపేట పక్కన ఒక ఊళ్లో హైస్కూలు సైన్సు మాస్టారు. బండి వాళ్ల అన్నయ్యది. వాడి వాడి విసుగొచ్చి తమ్ముడికి ఇచ్చారు. నన్నడిగితే ఇచ్చినట్టు కాదు, వదిలించుకున్నట్టు. స్టాండు నిలిచేది కాదు, ఎక్కడికెళ్లినా ముందు గోడ వెతుక్కోవాలి. హారను కొడితే లైటు ఆరిపోయేది. నల్లరేగడి దారుల్లో తిరిగి తిరిగి అడుగున మట్టి గట్టి పొరలా పట్టేసింది. అది గీకేస్తే బండి మొత్తం విడిపోతుందేమోనని నాకు భయంగా ఉండేది.

ఆదివారం వచ్చిందంటే వసారాలో గోనెపట్టా పరిచి దాన్ని విప్పేవారు. విప్పడం ఆయన పని. తక్కినదంతా నా పని. కిరసనాయిలు గిన్నెలో పోసి తేవడం, పాతగుడ్డలు చింపి ఇవ్వడం, నట్లు దొర్లిపోకుండా పళ్లెంలోకి ఏరడం, "ఇక్కడ పట్టుకో, గట్టిగా పట్టుకో, అబ్బా, అంత గట్టిగా కాదు" అంటే పట్టుకోవడం. అలా వసారాలోకి వెళ్లిన పళ్లెం మళ్లీ వంటింటి ముఖం చూడలేదు. అంతా బిగించాక పళ్లెంలో ఎప్పుడూ ఏదో ఒకటి మిగిలేది.

"ఇదెక్కడిదండీ?" అంటే, "అవసరం లేనిది. కంపెనీవాళ్లు ఊరికే పెడతారు" అనేవారు.

"మెకానిక్కుకి ఇవ్వరాదా, ఈ గోలంతా దేనికి?"

"వాడికేం తెలుసు? వాడేమన్నా ఫిజిక్సు చదివాడా?"

"మీరు చదివారుగా. మరి మొన్న చెయినెందుకు ఊడింది?"

"చెయినుకీ ఫిజిక్సుకీ సంబంధం లేదు."

నేను లెక్కలు చదివినదాన్ని. సంబంధం ఉందని నిరూపించగలను. కానీ అన్నం ఉడికే వేళ నిరూపణలు పెట్టుకుంటే అటు అన్నం మాడుతుంది.

నేను మెకానిక్కుల పక్షమనుకునేరు. వాళ్ల సంగతీ నాకు తెలుసు. ఒకసారి పేటలో బండి ఇస్తే, "రేపు సాయంత్రానికల్లా రెడీ అండీ" అన్నవాడు ఆ సాయంత్రం దాని మీద తమ్ముణ్ణి ఎక్కించుకుని పెళ్లికి పోయాడు. బజార్లో మా ముందు నుంచే పోయాడు, పైగా మాకు నమస్కారం కూడా పెట్టాడు. అయితే ఒకటి. డబ్బిచ్చి చేయించుకున్నచోట నోరుపెట్టుకుని అడగొచ్చు. మర్నాడు షెడ్డు ముందు నిలబడి నేను అడిగిన తీరుకి వాడు మా బండి కడిగి మరీ ఇచ్చాడు. ఇంట్లో మొగుడు తన చేతుల్తో చేసిన రిపేరుని ఏమని అడుగుతాం? నోరు తెరిస్తే అది బండిని గురించిన మాటగా ఉండదు, కాపురం గురించిన మాటైపోతుంది. భోజనం మానేస్తారు. ఇన్నేళ్లలో సొంత రిపేరు వల్ల మిగిలిందెంతో ఆయన చెబుతారు గానీ, ఆ రిపేరు గురించి నేను మింగిన మాటలెన్నో ఎవరూ చెప్పరు.

సరే, ఉద్యోగం సంగతి. పెళ్లినాటికే నాకు ఎమ్మెస్సీ అయింది. తర్వాత పిల్లలు, వాళ్ల దగ్గులు, వాళ్ల బడులు. నా పట్టా ట్రంకుపెట్టెలో పట్టుచీరల కింద నిద్రపోయింది. ప్రభుత్వ కాలేజీలకి వయసు దాటిపోయింది. అలాంటప్పుడు గుంటూరులో ఒక ప్రైవేటు ఆడపిల్లల కాలేజీ నుంచి లెక్కల లెక్చరరు పోస్టుకి ఇంటర్వ్యూ కార్డు వచ్చింది, సోమవారం పొద్దున రమ్మని. నాకు వచ్చిన మొదటి కార్డు అదే, వస్తుందనుకున్న చివరి కార్డూ అదే. ఉద్యోగం వస్తే గుంటూరు మారిపోదామని మా ఆయనే అన్నారు. ఆ మాటకి ఆయన్ని ఇప్పటికీ మెచ్చుకుంటాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"తొలి బస్సుకి వెళ్లిపోతాను" అన్నాను.

"ఇంట్లో బండి పెట్టుకుని బస్సుకా? మిరపకాయల సీజను, బస్సులో నిలబడ్డానికి చోటుండదు. చీర నలిగిపోతుంది. నేను దింపుతాగా. నీ ఇంటర్వ్యూ కోసం ఆదివారం ప్రత్యేకంగా సర్వీసు చేస్తున్నా."

"నా ఇంటర్వ్యూ కోసం దాన్ని ముట్టుకోకుండా ఉంటే చాలు. అదే నాకు సర్వీసు."

ముట్టుకున్నారు. ఇంజను పీల్చే గాలిలో దుమ్ము ఆపడానికి ఒక డబ్బాలో స్పాంజి ముక్క ఉంటుంది. ఎయిర్ ఫిల్టరు అంటారు. దాన్ని కిరసనాయిల్లో నానబెట్టి, బట్ట పిండినట్టు పిండారు. అది పాతకాలం స్పాంజి. నానిన రొట్టెముక్కలా ఆయన చేతిలోనే పొడైపోయింది. ఆదివారం పేటలో కొట్లు మూసుంటాయి. కాసేపు తల గోక్కుని, పాఠం మొదలుపెట్టారు.

"ఫిల్టరు పనేంటి? వడగట్టడం. మా ల్యాబులో గరాటులో ఏం పెట్టి వడగడతాం? దూది. దెబ్బ మీద దుమ్ము పడకుండా డాక్టరేం పెడతాడు? దూది. పత్తి పండే నేల మీద కూర్చుని స్పాంజి కోసం గుంటూరు పరిగెత్తాలా?"

పత్తి పండే నేలే, కానీ చేలోంచి వచ్చే పత్తిలో గింజలుంటాయి. గింజ తీసి, ఏకి, మబ్బుతునకలా తయారుచేసిన దూది మా ఇంట్లో ఒక్కచోటే ఉంది. మా అత్తగారి వత్తుల బుట్టలో. ఆవిడ అప్పుడు లక్షవత్తుల నోముకని మధ్యాహ్నాలంతా వత్తులు చేస్తూ ఉండేవారు. ఆవిడ అటు కునుకు తీయగానే ఈయన బుట్టలో చెయ్యి పెట్టి, అందినంత తెచ్చి డబ్బాలో కూరి మూత బిగించేశారు.

అత్తగారు లేచి బుట్ట చూసుకున్నారు. "నా వత్తుల పత్తిరా! మడితో ఏకిన పత్తి! నీ బండికి పెట్టావురా, అప్రాచ్యుడా!" అని వీధి చివరికి వినపడేలా అరిచారు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు చూస్తా ఊరుకున్నావా అమ్మాయ్? నీకన్నా బుద్ధి ఉండక్కర్లా?" అన్నారు. ఎవరి చెయ్యి తప్పు చేసినా చీవాట్లు నా వాటాకి రావడం మా ఇంటి ఆచారం.

బండి స్టార్టయింది. సందు చివరిదాకా వెళ్లి వచ్చారు. "చూశావా?" అన్నారు. చూశానన్నాను.

సోమవారం పొద్దున్నే బయల్దేరాం. ఇస్త్రీ చేసిన మంగళగిరి చీర, ఒళ్లో సర్టిఫికెట్ల ఫైలు. గుంటూరు రోడ్డంతా మిర్చిలారీలు, మధ్యలో గుడిసెంత ఎత్తున పత్తి వేసుకున్న ట్రాక్టర్లు. లారీ వెనకపడ్డప్పుడల్లా ఇద్దరం తుమ్మడం. సగం దూరం పోయామో లేదో బండికి ఆయాసం మొదలైంది. ముందు గొణిగింది, తర్వాత దగ్గింది, వెనక నల్లటి పొగ కక్కి చచ్చిపోయింది. అదృష్టమో ఖర్మమో, పక్కనే ఒక ఊరి సెంటరు, టీకొట్టు, దాన్నానుకుని రేకుల షెడ్డులో మోటారుసైకిళ్ల మెకానిక్కు.

"నేను బస్సెక్కుతాను" అన్నాను.

"ఐదు నిమిషాలు" అన్నారు మా ఆయన.

"ఐదు నిమిషాలండీ" అన్నాడు మెకానిక్కు.

చెయ్యెత్తి నిలబడ్డాను. బస్సులు మెట్ల మీద కూడా మనుషుల్ని వేలాడేసుకుని, ఆగకుండానే పోతున్నాయి. ఇటు చూస్తే మెకానిక్కు ప్లగ్గు తీసి, "మసిపట్టింది, ఇదేనండీ" అని గీకి పెట్టాడు. ఇంజను కాసేపు కొట్టుకుని ఆగింది. "పాయింట్లండీ" అన్నాడు. అవీ గీకాడు. ఆగింది. "పెట్రోల్లో కిరసనాయిలు కలిపేడు బంకోడు" అన్నాడు. బంకువాడి మీద మా ఆయనా ఓ మాటేశారు. నేను వెళ్లి, "నాయనా, ముందు ఆ గాలిడబ్బా విప్పు" అన్నాను. మెకానిక్కు మా ఆయన మొహంకేసి చూశాడు. మా ఆయన వాచీ చూసుకున్నారు. "దాంట్లో ఏముండదండమ్మా" అని కార్బురేటరు విప్పాడు. అందులో నూగు తేలుతోంది. అప్పుడు విప్పాడు గాలిడబ్బా. నల్లగా నూనె పీల్చుకుని, తడిసిన పిల్లిపిల్లలా ఉన్న దూదిముద్దని రెండు వేళ్లతో పట్టి బయటికి లాగాడు.

"ఇదేంది మాస్టారూ! దూది! ఎవుడండీ దీన్ని పెట్టింది?"

మా ఆయన నన్ను చూడలేదు. రోడ్డువైపు చూశారు. టీకొట్టు ముందు ఒక మిర్చిలారీ ఆగి ఉంది. దాని వెనక చెక్క మీద యజమాని పేరూ, కింద ఊరి పేరూ రంగులతో రాసి ఉన్నాయి. ఆ ఊరు వినుకొండ.

"వినుకొండలో ఇచ్చాంలే ఒకడికి" అన్నారు మా ఆయన.

"అనుకున్నా! ఆ ఏపోళ్లకి పని రాదండీ. ఏదోటి కుక్కి పంపిచ్చేస్తారు."

"నేనూ అదే అన్నా వాడితో, ఇదేం పనయ్యా అని."

"నమ్మి ఇచ్చారు మీరు. సదువుకున్నోళ్లు తేలిగ్గా నమ్ముతారండీ."

"అదే మనతో వచ్చిన చిక్కు."

నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను. అటు గంటలు పోతున్నాయి, ఇటు వీళ్లిద్దరూ టీ తెప్పించుకుని లేనివాణ్ణి తిట్టుకుంటున్నారు. ముందుకొచ్చి స్పష్టంగా, క్లాసులో చెప్పినట్టు చెప్పాను. "ఆ దూది మా అత్తగారి వత్తుల బుట్టలోది. పెట్టింది ఈయనే. నిన్న మధ్యాహ్నం, మా వసారాలో. నేను చూస్తుండగా."

మెకానిక్కు నా వంక చూశాడు, ఆయన వంక చూశాడు. పగలబడి నవ్వాడు. "అమ్మగారు బలే తమాషా మనిషండీ మాస్టారూ!"

"మా ఇంట్లో ఇంతే" అన్నారు మా ఆయన, నవ్వుతూ.

వాడు నవ్వుతూనే దూదిముద్దని చీల్చాడు. అందులోంచి సన్నగా, నున్నగా, చివర మెలితిప్పి ఉన్నదొకటి జారి వాడి అరచేతిలో పడింది. "ఇదుగో, వత్తండీ! దీపంలో ఏసేది!"

"చూశావా? ఏ మెకానిక్కు షెడ్డులోనైనా దీపం వత్తులు చేస్తారటయ్యా?" అన్నాను.

ఆ వత్తి చూసి మా ఆయన మొహంలో రంగు మారిందని చెప్పగలిగితే నాకూ తృప్తిగా ఉండేది. అబ్బే. "వినుకొండవాళ్లకి భక్తి ఎక్కువ" అన్నారు.

"కొండ మీద గుడుందిగా మరి" అన్నాడు మెకానిక్కు.

ఇక అక్కడ నిలబడితే నా ఫైలుతో ఇద్దర్నీ కొట్టేదాన్ని. తిన్నగా ఆ లారీ దగ్గరికెళ్లి, గుంటూరు తీసుకెళతావా బాబూ అన్నాను. డ్రైవరు నా చీరనీ ఫైలునీ చూసి, సీటు మీద తువ్వాలు పరిచాడు. "ఎక్కమ్మా. ముక్కుకి కొంగడ్డం పెట్టుకో, ఘాటు." వెనక మా ఆయన ఏదో పిలుస్తున్నారు. లారీ కదిలింది.

దారిలో అడిగాను. "మీ ఊళ్లో మోటారుసైకిలు మెకానిక్కులున్నారా?"

"ఎందుకు లేరమ్మా, మా బావమరిదే ఉన్నాడు. చెయ్యి మంచిది."

"పాపం" అన్నాను. అతనికి అర్థం కాలేదు.

ఈ మొత్తం కథలో నిజంగా ఉన్న వినుకొండ మనిషి ఆ డ్రైవరొక్కడే. ఆ రోజు నా పని కావాలని పాటుపడ్డదీ అతనొక్కడే. గుంటూరు మిర్చియార్డు దగ్గర లారీలు బారులు తీరి కదలకపోతే, కిందికి దిగి ఆటోని పిలిచి, "మేడంగారికి పరీచ్చంట, తొందరగా పోనీ" అని చెప్పి మరీ ఎక్కించాడు.

కాలేజీ చేరేసరికి వరండాలో కుర్చీలు ఎత్తేస్తున్నారు. గుమాస్తా నా కార్డు చూసి, "మీ పేరు పిలిచామండీ. పలకలేదు. అయిపోయింది" అన్నాడు. వాదించాను. నాకు వాదించడం చేతనవును. కానీ వాక్యానికొక తుమ్ము వస్తుంటే ఎంత బలమైన వాదనైనా ఏం నిలుస్తుంది? కళ్లు ఎర్రగా, చీర మీద ఎర్రదుమ్ము, మాట మధ్యలో హాచ్. ప్రిన్సిపాలుగారు గదిలోంచి తొంగిచూసి, "పాపం, జ్వరంగా ఉన్నట్టుంది, మంచినీళ్లివ్వండి" అన్నారు. మంచినీళ్లిచ్చారు. ఉద్యోగం అప్పటికే ఇంకొకావిడకి ఇచ్చారు.

సాయంత్రం బస్సులో నిలబడి ఇంటికొచ్చాను. వసారాలో బండి, పక్కన కుర్చీలో ఆయన. నన్ను చూడగానే లేచి, "ఇప్పుడు చూడాలి బండిని, పక్షిలా వచ్చింది!" అన్నారు. తర్వాత, "ఏమైంది?" అన్నారు. ఆ వరసలోనే అన్నారు.

నేను జవాబిచ్చేలోపు అత్తగారు లోపల్నుంచి వచ్చారు. "ఎవడో వినుకొండవాడటగా అమ్మాయ్, దూది కుక్కింది? వాడి చేతులు పడిపోను!"

"అత్తయ్యా, అది మీ దూది! మీరే కదా నిన్న అరిచింది!"

"అరిచాను. తల్లిని, అరుస్తాను. ఊళ్లో చెప్పుకుంటానా?"

ఇదీ సంగతి. ఆ రాత్రి నుంచి ఇంట్లో సాక్ష్యం చెప్పే మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను.

మరుసటేడు అదే కాలేజీలో ఇంకో ఖాళీ వచ్చింది. ముందురోజే బస్సెక్కి వెళ్లి, బంధువులింట్లో పడుకుని, పొద్దున్నే అందరికన్నా ముందు వరండాలో కూర్చున్నాను. వచ్చింది. గుంటూరు మారాం, ఆయనా బదిలీ చేయించుకున్నారు. ఆ సోమవారం నా బదులు ఉద్యోగం తెచ్చుకున్నావిడ నాకంటే ఏడాది సీనియరు. ఇప్పుడు మా డిపార్టుమెంటుకి ఆవిడే హెడ్డు. మంచి మనిషి. తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా మంచి మనిషి.

బండి ఇంకా ఉంది. ఆదివారాలూ ఉన్నాయి, గోనెపట్టా ఉంది. పళ్లెం మాత్రం నేను పట్టుకోవడం మానేశాను. ఎవరైనా వచ్చి "ఇంత పాతబండి, మెకానిక్కుకి ఇవ్వకూడదా మాస్టారూ?" అంటే చాలు, ఆయన స్పానరు కింద పెట్టి మొదలుపెడతారు. ఏటేటా ఆ మెకానిక్కుకి ఒక్కో అవయవం మొలుస్తోంది. మొదట్లో ఉత్త మెకానిక్కు. తర్వాత మీసాలొచ్చాయి. ఆపైన మెల్లకన్ను వచ్చింది. ఈ మధ్య కొండ దిగువన షెడ్డు, షెడ్డు ముందు వేపచెట్టు కూడా వచ్చాయి. మా ఆడపడుచు కొడుకు ఏదో పనిమీద వినుకొండ వెళ్లి, "అత్తా, ఆ షెడ్డు చూశాను, ఇప్పుడు మూసేశాడు" అని వచ్చి చెప్పాడు. చూశాడట!

సొంతంగా చేసుకోవడం తప్పని నేనెప్పుడూ అనలేదు. చేసుకోండి. చేతులకి నూనె అంటించుకోండి, నట్లు మిగుల్చుకోండి. కానీ బాగుపడ్డదల్లా నాదీ, చెడిపోయిందల్లా వినుకొండదీ అంటే ఒప్పుకోను. "నేనే పెట్టాను" అనడానికి ఏ స్పానరూ అక్కర్లేదు కదా. ఈ మాట ఆయనతో అంటే, "ఇంకా ఆ సంగతి పట్టుకునే ఉన్నావా?" అంటారు. వారం వారం ఆ కథ చెప్పేది ఆయన, పట్టుకున్నది నేనూ!

ఆయన్ని అడగడం మానేశాను. జవాబు రాదు. నాకు జవాబు కావలసింది ఇంకో మనిషి దగ్గర్నుంచి. పేట వెళ్లేటప్పుడల్లా బస్సు ఆ సెంటరు మీదుగానే పోతుంది. రేకుల షెడ్డు అక్కడే ఉంది, అతనూ ఉన్నాడు, కాస్త లావయ్యాడు. కిటికీలోంచి చూస్తుంటాను. ఒకరోజు దిగి అడగాలని ఉంది. దూది నీ చేతిలో ఉంది. వత్తి నీ అరచేతిలో ఉంది. అది ఎవరింటిదో, ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో నీ ఎదురుగా నిలబడి చెప్పాను. అన్నీ ఉండి కూడా, ఎన్నడూ చూడని ఆ వినుకొండవాణ్ణే నమ్మి, నన్ను చూసి ఎందుకు నవ్వావయ్యా?